ఫెలిక్స్‌ముల్లర్ వుడ్‌కట్లు: ఇప్పుడు రూర్ బ్లాక్ నడుస్తోంది

జర్మన్ చిత్రకారుడు కాన్రాడ్ ఫెలిక్స్‌ముల్లర్ జీవితాన్ని చిన్న చిన్న వుడ్‌కట్లుగా (చెక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద తీసే ప్రింట్లు) చెక్కుతున్నా, ఒక్కో ఘట్టానికి ఒక్కో చెక్క బ్లాక్. ఆయన పుట్టిన ఊరు డ్రెస్డెన్ బ్లాక్ ప్రింటింగ్ అయిపోయింది, ఇప్పుడు రూర్ (జర్మనీలో బొగ్గు గనుల ప్రాంతం) బ్లాక్ మీద కూర్చున్నా. ఆయన కథలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. 1920లో సాక్సనీ (డ్రెస్డెన్ ఉన్న రాష్ట్రం) ప్రభుత్వం ప్రైజ్ ఇచ్చింది, ఆ డబ్బుతో రోమ్ వెళ్లి చదువుకుని రావాలని లెక్క, ఈయనేమో రోమ్ మానేసి రూర్ బొగ్గు గనులకి వెళ్లి అక్కడి కార్మికుల బొమ్మలు వేశాడు, అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. నేనుండేది రూర్‌లోనే, ఎస్సెన్‌లో, ఇక్కడి జోల్‌ఫెరైన్ గని 1986లోనే మూసేశారు, పక్కనే బాట్రాప్‌లో చివరి గని కూడా 2018లో మూతపడింది, అందుకే ఆయన చూసిన మనుషుల్ని ఇప్పుడు ఆయన బొమ్మల్లోనే చూడాలి.

చెక్క లిండెన్ తీసుకున్నా, ఏ4 సైజు. మెత్తగా ఉంటుంది, గ్రెయిన్ (చెక్కలోని నార) పెద్దగా ఎదురు తిరగదు, కొత్తవాళ్లకి ఇదే బెస్ట్. ముందు చెక్కంతా పల్చటి నల్ల ఇంకు పూసి ఆరబెడితే చెక్కిన చోటల్లా తెల్లగా కనబడుతుంది, ప్రింట్ ఎలా వస్తుందో అప్పుడే తెలిసిపోతుంది. బొమ్మని ట్రేసింగ్ పేపర్ మీద గీసి తిప్పేసి దింపాలి, ప్రింట్‌లో కుడి ఎడమ తారుమారవుతాయి కాబట్టి.

ఇక మొహం. ఫెలిక్స్‌ముల్లర్ మనుషులకి కళ్లు పెద్దవి, దవడలు, చెంపలు కోసుగా ఉంటాయి, నలుపు మందంగా వదిలేసి తెలుపుని మాత్రం పొదుపుగా తీస్తాడు. మా నాన్న సింగరేణిలో అండర్‌గ్రౌండ్‌లో చేశారు, డ్యూటీ దిగొచ్చి ఎంత సబ్బు రుద్దుకున్నా రెప్పల అంచున బొగ్గు కాటుకలా ఉండిపోయేది. అందుకే రెప్ప అంచు నలుపుని ముట్టుకోలేదు, కంటి తెలుపు ఒక్కటే సన్న వి గౌజ్‌తో (మొన వి ఆకారంలో ఉండే ఉలి) తీశా, ఆ తర్వాతే ముక్కు, చెంపలు. నల్ల గీత మిగలాల్సిన చోట ఉలిని గీత నుంచి బయటికి వాల్చి కొయ్యండి, అప్పుడు గీతకి అడుగున దిమ్మ వెడల్పుగా ఉండి ప్రెషర్‌కి విరగదు. ఖాళీ జాగాలకి వెడల్పు యు గౌజ్. ఉలి జారినట్టనిపిస్తే ఆపేసి తోలు మీద నాలుగు సార్లు లాగండి, మొద్దు ఉలే చేతులు కోస్తుంది.

ప్రింటింగ్‌కి ప్రెస్సేం లేదు. ఆయిల్ ఇంకుని గాజు పలక మీద రోలర్‌తో పల్చగా పరిచి, చర్రుమనే సన్నటి సౌండ్ వచ్చాక చెక్కకి ఎక్కించి, పల్చటి జపనీస్ పేపర్ వేసి చెక్క గరిటె వీపుతో మధ్యలోంచి అంచులకి రుద్దడమే. పేపర్ వెనక నుంచి నలుపు సమానంగా కనబడేదాకా రుద్దాలి, ఒక మూల ఎత్తి చూసుకోవచ్చు గానీ రెండో మూల గట్టిగా పట్టుకోవాలి. ఆరడానికి వారం అటూ ఇటూ.

తర్వాతి బ్లాక్ ఆయన భార్య లోండా, పిల్లలు. 1920ల మధ్య నుంచి ఆయన బొమ్మలు మెత్తబడ్డాయి, పదును పోయిందనేవాళ్లున్నారు, నాకలా అనిపించదు, ఇంట్లోవాళ్లని చూసినంత శ్రద్ధగానే గని మనిషినీ చూశాడు. ఆ తర్వాత 1937 బ్లాక్, నాజీలు మ్యూజియంల నుంచి ఆయన పనులు 151 ఎత్తుకుపోయిన ఏడు. దానికి మనుషుల్ని పెట్టను, మేకులు మాత్రం మిగిలిన ఖాళీ గోడ వేద్దామని ఉంది, పియర్ చెక్క ఆర్డర్ పెట్టా, అది గట్టిది కాబట్టి మేకుల్లాంటి సన్న పని నిలబడుతుంది.