పుష్ అంటే ఒక్క నెట్టడమేనా

ఆదివారం, పర్లాకిమిడి.

ఈ పొద్దుటి ఇంగ్లీషు పాఠమంతా ఒక్క క్రియతోనే గడిచిపోయింది. మా వీధి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పుష్ అంటే ఏమిటని అడిగితే అందరూ ఒక్క గొంతుతో ‘ఠేలిబా’ అన్నారు. ఒడియాలో తోయడానికి మాట అదే, సరిగ్గానే చెప్పారు. కానీ ఒక మాటకు ఒకటే అర్థం రాయించి వదిలేసే చదువంటే నాకు ఒళ్ళు మండుతుంది. తలుపు నెడతాం, బండి తోస్తాం, మీట నొక్కుతాం, గిట్టనివాణ్ణి బయటికి గెంటేస్తాం. ఇన్నిటికీ ఇంగ్లీషులో పుష్ చాలు. పిల్లలకు ఈ తెలుగు మాటలన్నీ పుట్టుకతో వచ్చినవే, వాటిని వాడుకోమని చెప్పేవాళ్ళే లేరు.

ఇంతలో మామిడిపళ్ళ తోపుడు బండి కాలువ మీది పగిలిన పలకలో దిగబడింది. పిల్లలు పుస్తకాలు వదిలి పరుగెత్తారు. వెనకనుంచి ఎంత తోసినా కదలదే! “బండిని కాదు నాన్నా, చక్రం పై అంచు పట్టుకుని ముందుకు తిప్పండి” అన్నాడు బండి తాత. ఇద్దరు చెరోవైపు చక్రాలు పట్టారు. పై అంచు దగ్గర అదే బలం రెట్టింపు పనిచేస్తుంది. పళ్ళు ఒక్కటీ దొర్లకుండా బండి పైకొచ్చింది. తాత మాకు తలా ఒక పండు పెట్టాడు.

తాతకు డెబ్భై దగ్గరపడుతున్నాయి. ఇంగ్లీషులో దీనికీ పుషే, ‘హీ ఈజ్ పుషింగ్ సెవెంటీ’ అంటారు. పాఠం అక్కణ్ణుంచి అందుకున్నాను. ఎవరి మీదనైనా పెత్తనం చేసి ఆడిస్తే ‘పుష్ అరౌండ్’. ఇది చెప్పగానే పిల్లలకు బడిలో కొందరు గుర్తొచ్చినట్టున్నారు, వెంటనే పట్టేశారు. కలిసొచ్చింది కదా అని మరీ తెగిస్తే ‘పుష్ యువర్ లక్’. పండక్కి చేతికి ఎముక లేకుండా ఖర్చుపెడితే ‘పుష్ ద బోట్ అవుట్’. ఎవరేమన్నా తలూపే మనిషి ‘పుషోవర్’. డాక్టరు చూసే పల్స్, ఈ పుష్ ఒకే లాటిన్ క్రియనుంచి వచ్చాయంటే ఒక పిల్లవాడు తన మణికట్టు పట్టుకుని చూసుకున్నాడు.

ఎదురు ప్రశ్న కూడా వచ్చింది. “మా నాన్న ఎలా ఉన్నారంటే ఏదో నెట్టుకొస్తున్నాం అంటారు కదా, అదీ పుషేనా?” కాదమ్మా, అక్కడ ‘గెటింగ్ బై’ అంటారు. ఎంత మంచి ప్రశ్న!

గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర గిరిజనుల భాష నేర్చుకోవడానికి ఒక సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, అతను మాట్లాడుతుంటే విని నేర్చుకున్నారు. ఆ శ్రమంతా 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువుగా అచ్చయింది. 1936లో ఈ ప్రాంతం ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళ పిల్లలకు మాట మనుషుల నోటినుంచి, చేసే పనిలోంచి రావాలని నేను పట్టుబడతాను. అన్నట్టు ఈ పట్టుబట్టడం కూడా వాళ్ళ భాషలో ‘పుష్ ఫర్’.

ఇంటి పనిగా, పుష్‌తో వాక్యాలు రాసి, పక్కనే నెట్టు, తోయు అనే మాటలు రాకుండా తెలుగులో చెప్పమన్నాను. మా పక్కింటి పిల్ల అక్కడే కూర్చుని ‘మా అమ్మ చదువు కోసం నన్ను పుష్ చేస్తుంది’ అని రాసింది. కాసేపు పెన్ను కొరికి, దాని కింద ‘వెంటపడి చదివిస్తుంది’ అని చేర్చింది. పది మార్కులూ వేశాను.