సీతమ్మతో హనుమ అన్న మాట

గీత 13వ అధ్యాయంలో శ్రీకృష్ణుడు జ్ఞానమంటే ఏమిటో చెబుతూ గుణాలను వరసపెట్టి చెబుతాడు. వాటిలో మొట్టమొదటిది అమానిత్వం. తనను తాను పొగుడుకోకపోవడమే అమానిత్వమని శంకరుల భాష్యం. దాని పక్కనే అదంభిత్వం, అంటే చేసే ధర్మాన్ని చాటుకోకపోవడం. ఈ రెండూ పక్కపక్కన ఉండటం ఊరికే కాదనిపిస్తుంది. "అబ్బే, నాదేముందండీ" అంటూనే ఇంకో పొగడ్త కోసం చెవి ఒగ్గే వినయం మనకు తెలియంది కాదుగా!

అమానిత్వం మనిషిలో ఎలా ఉంటుందో చూడాలంటే నేను సుందరకాండ 39వ సర్గ తెరుస్తాను. సీతమ్మకు ఒకటే బెంగ. ఈ సముద్రాన్ని దాటే శక్తి గరుత్మంతుడికి, వాయుదేవుడికి, నీకు మాత్రమే ఉంది, మిగతా సేనంతా ఎలా వస్తుంది నాయనా అని అడుగుతుంది. ఎంత పెద్ద మాట! కన్నతండ్రి సరసన నిలబెట్టింది. హనుమ జవాబు ఇదీ:

మద్విశిష్టాశ్చ తుల్యాశ్చ సంతి తత్ర వనౌకసః |
మత్తః ప్రత్యవరః కశ్చిన్నాస్తి సుగ్రీవసన్నిధౌ ||

అక్కడ నాకంటే గొప్పవాళ్లున్నారు, నాతో సమానులున్నారు, నాకంటే తక్కువవాడు మాత్రం సుగ్రీవుడి దగ్గర ఒక్కడూ లేడు. పైగా, గొప్పవాళ్లను ఇలాంటి పనులకు పంపరు తల్లీ, మాలాంటివాళ్లనే పంపుతారు అంటాడు.

లెక్కకు ఇది నిజం కాదు. అవతలి ఒడ్డున అంగదుడంతటివాడు నూరు యోజనాలు దూకగలను గానీ తిరిగి రావడం అనుమానమే అన్నాడు. కానీ హనుమ అప్పుడు తన బలాన్ని లెక్కగట్టడం లేదు, ఆ తల్లి భయం ఎంతో చూస్తున్నాడు. అంతకుముందు 37వ సర్గలో, ఇంత చిన్న కోతివి నన్నెలా మోస్తావని ఆమె సందేహిస్తే, కొండంత పెరిగి చూపించాడు. పెరిగిందీ ఆమె ధైర్యం కోసమే, తగ్గిందీ అందుకే. శక్తి దాచుకోవడమే వినయం అనుకునేవాళ్లు ఆ సర్గ కూడా చదవాలి.

ఇక 42వ సర్గలో రాక్షసుల ముందు, వెయ్యిమంది రావణులొచ్చినా నాకు సాటిరారని గర్జించింది కూడా ఈయనే. ఆ గర్జనలోనూ ముందు జయం రాముడికి, ఆపైన లక్ష్మణుడికి, సుగ్రీవుడికి. హనుమంతుడన్న పేరు వచ్చేది "దాసోఽహం" అన్న తర్వాతే.