బెనెగళ్ సినిమాకు డబ్బు పెట్టింది ఎవరు?

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పగలంతా ఇంటి పనులతోనే సరిపోయింది. మిద్దె మీద ట్యాంకు కడిగించి, నెల సరుకులు తెచ్చి, భోజనమయ్యాక కాసేపు కునుకు తీసేసరికి సాయంత్రమైంది. ఆ తర్వాత దర్శకుడు శ్యామ్ బెనెగళ్ తీసిన ‘మంథన్’ మరోసారి చూశాను. సహకార సంఘాల పద్దులు తనిఖీ చేసే ఉద్యోగం నాది కాబట్టి, ఈ సినిమాలో అందరికీ స్మితా పాటిల్ కళ్లు గుర్తుండిపోతే, నాకు పాలలో వెన్న శాతాన్ని బట్టి ధర కట్టే పద్ధతి గుర్తుండిపోతుంది. కొలత ఎవరి చేతిలో ఉంటే ఊళ్లో పెత్తనం వారిదేనన్న సంగతిని ఉపన్యాసం లేకుండా చెప్పిన హిందీ సినిమా నాకు తెలిసి ఇంకొకటి లేదు.

1976లో వచ్చిన ఈ చిత్రానికి గుజరాత్ పాల సంఘాల్లోని 5 లక్షల మంది రైతులు తలా 2 రూపాయలు వేసుకున్నారు. అంటే 10 లక్షలు. పేర్లు పడేటప్పుడు నిర్మాతల స్థానంలో కనిపించేది ఆ రైతులే. తమ డబ్బుతో తీసిన సినిమా చూడటానికి వాళ్లు ఊళ్ల నుంచి లారీలెక్కి థియేటర్లకు వచ్చారట. ఇక్కడ నాకు నచ్చే విషయం ఏమిటంటే, డబ్బు పెట్టినవారిని పొగడటానికి బెనెగళ్ ఈ సినిమా తీయలేదు. కులం పేరుతో రైతులే చీలిపోవడం, ఊళ్లో పాల సహకార సంఘం పెట్టించడానికి పట్నం నుంచి వచ్చిన పశువైద్యుడు డాక్టర్ రావు మంచితనానికి ఉన్న హద్దులు, చివరికి అతను ఊరు విడిచి వెళ్లిపోవడం, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. రావు వెళ్లాక సంఘాన్ని నిలబెట్టే పని నసీరుద్దీన్ షా వేసిన భోలా మీద పడుతుంది.

బెనెగళ్ జీవితాన్నంతా ఈ డబ్బు కోణం నుంచి చూడవచ్చని ఇవాళ అనిపించింది. 1934లో సికింద్రాబాద్ తిరుమలగిరిలో, ఫొటోగ్రాఫరైన తండ్రి ఇంట పుట్టి, పన్నెండేళ్లకే తండ్రి కెమెరాతో ఒక చిన్న సినిమా తీసి, ఉస్మానియాలో అర్థశాస్త్రం చదివిన మనిషి, 1959లో బొంబాయి చేరి ప్రకటనల సంస్థలో రాత ఉద్యోగానికి కుదిరాడు. వందల కొద్దీ ప్రకటన చిత్రాలు తీశాడు. ‘అంకుర్’ కథ చేతిలో పెట్టుకుని నిర్మాత కోసం పదేళ్లకు పైగా తిరిగితే, ఆఖరికి ముందుకొచ్చింది థియేటర్లలో ప్రకటన చిత్రాలు వేయించే బ్లేజ్ సంస్థ. సబ్బుల ప్రకటనల వ్యాపారంలో ఉన్నవారి డబ్బుతో తెలంగాణ భూస్వామ్యం మీద సినిమా తయారైందన్నమాట! అర్థశాస్త్రం చదివినవాడు ఈ తమాషాకు లోలోపల నవ్వుకునే ఉంటాడు.

1974లో విడుదలైన ‘అంకుర్’ అనగానే చాలామంది చివరన పిల్లవాడు దొర ఇంటి మీదికి విసిరిన రాయి గురించే మాట్లాడతారు. నా దృష్టిలో అసలు పని అంతకు ముందే జరిగిపోయింది. కల్లు దొంగిలించాడని మూగవాడైన కిష్టయ్యకు గుండు గీయించి గాడిద మీద ఊరేగించినప్పుడు, ఊరు దానిని కొత్త విషయంగా చూడదు. చివర్లో అదే కిష్టయ్య పని అడుగుదామని కర్ర పట్టుకుని వస్తుంటే, అతని భార్య లక్ష్మిని గర్భవతిని చేసిన దొరబిడ్డ సూర్య, పగ తీర్చుకోవడానికే వస్తున్నాడనుకుని భయంతో కొరడా అందుకుంటాడు. దెబ్బలు తినేవాడికి ఎందుకు తింటున్నాడో తెలియదు, కొట్టేవాడికి మాత్రం తెలుసు. దొరతనాన్ని కోపంలో చూపించినవారు మన సినిమాల్లో ఎందరో ఉన్నారు. వణుకులో చూపించినది బెనెగళే. షబానా ఆజ్మీ, సాధు మెహెర్ ఇద్దరికీ జాతీయ పురస్కారాలు వచ్చిన ఈ చిత్రంలో పాత్రలు మాట్లాడేది మన దక్కనీ యాసే. తెలుగులో ఆయన తీసినది ఒక్క ‘అనుగ్రహం’ మాత్రమే అయినా, మన ఊళ్ల కథలను హిందీలోనైనా మన గొంతుతో పలికించాడు.

తర్వాతి సంవత్సరాల్లో శశికపూర్ నిర్మాతగా ‘జునూన్’, ‘కల్‌యుగ్’ వచ్చాయి. 1987 నాటి ‘సుస్మన్’ వెనుక చేనేత సహకార సంఘాలున్నాయి. పోచంపల్లి నేతగాడు రాములుగా ఓంపురి మగ్గం మీద కూర్చున్న తీరు చూస్తే, నటిస్తున్నాడన్న సంగతే మరిచిపోతాం. ఊరంతటికీ పట్టు నేసే ఇంట్లో కూతురి పెళ్లికి పట్టుచీర లేకపోవడం ఆ కథకు ఇరుసు. ఇక్కడ కూడా సొమ్ము సంఘాలదే, విమర్శ నుంచి సంఘానికి మినహాయింపు లేదు. ఈ పద్దు ఒకటే నాకు పదేపదే తేలుతోంది: బెనెగళ్ డబ్బు తీసుకున్నాడు, మాట మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

అయితే బంగ్లాదేశ్ నాయకుడు షేక్ ముజీబుర్ రహమాన్ జీవితం మీద 2023లో వచ్చిన ‘ముజీబ్’ విషయంలో ఈ లెక్క తప్పింది. భారత్, బంగ్లాదేశ్ ప్రభుత్వాలు కలిసి తీయించిన ఆ చిత్రంలో నాయకుడు విగ్రహంగానే ఉండిపోయాడు. 2024 డిసెంబరు 23న బెనెగళ్ ముంబైలో కన్నుమూసేనాటికి అదే ఆఖరి సినిమా కావడం నాకు కొంచెం బాధగానే ఉంది. ప్రభుత్వ సొమ్మే కారణమని తేల్చేద్దామంటే, దూరదర్శన్ కోసం 53 భాగాలుగా తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’, రాజ్యసభ టీవీ కోసం తీసిన ‘సంవిధాన్’ అడ్డొస్తున్నాయి. ‘సంవిధాన్’లో రాజ్యాంగ సభ సభ్యులు ఒకరినొకరు కాదంటూనే ఉంటారు. ఎవరి మాటా చివరి మాట కాదు. ‘ముజీబ్’లో ఎదురు చెప్పేవాడు దుర్మార్గుడే అయి ఉండాలి. ‘మంథన్’లో పాల వ్యాపారి మిశ్రాకు సైతం ఆ గతి పట్టలేదు. అమ్రిష్ పురి అతన్ని ఎంత మర్యాదగా మాట్లాడించాడంటే, మొదటి అరగంట అతని మాటలో న్యాయం ఉన్నట్టే తోస్తుంది.