148 కాదు, 159: రాష్ట్రపతి ఎన్నిక చాప్టర్‌తో నా తిప్పలు

గ్రూప్-1కి చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మొదట్లో నాకు పాలిటీ (రాజ్యాంగం, పాలన) అంటే బట్టీ సబ్జెక్టే. ఆర్టికల్ 54 అంటే ఎవరు ఓటేస్తారు, 55 అంటే ఎలా వేస్తారు, అంతే. ఓ టెస్ట్‌లో ‘రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ ఎంత?’ అని అడిగితే ఆలోచించకుండా 148 పెట్టేశాను. తప్పు. నా మెటీరియల్ విభజనకు ముందుది, 294 మంది ఎమ్మెల్యేలున్నప్పటి లెక్క.

ఆ రాత్రి హైదరాబాద్ అశోక్‌నగర్ రూమ్‌లో పాత క్యాలెండర్ కాగితం వెనక కూర్చుని వేశాను. 1971 జనగణన ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతపు జనాభా 2,78,00,586. దాన్ని మన ఎమ్మెల్యేల సంఖ్య 175తో భాగిస్తే 1,58,860. వెయ్యితో భాగిస్తే 158, శేషం 860. శేషం 500కి తగ్గకపోతే ఒకటి కలపాలి కాబట్టి 159. తెలంగాణకు 132 వచ్చింది. ఉత్తరప్రదేశ్‌కు 208, సిక్కింకు 7. దేశంలోని ఎమ్మెల్యేల ఓట్ల విలువలన్నీ కూడి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ. 2022లో జమ్మూకశ్మీర్‌లో అసెంబ్లీ లేదు, అందుకే అంతకుముందున్న 708 కాస్తా 700 అయింది. రాష్ట్రాలన్నీ ఒక తట్టలో, పార్లమెంటు రెండో తట్టలో పెట్టి త్రాసు సరిచేశారని అప్పుడు వెలిగింది.

పార్లమెంటుకు నామినేట్ అయిన సభ్యుల దగ్గర జాగ్రత్త. రాష్ట్రపతి ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు, రాష్ట్రపతిని తొలగించే మహాభియోగ తీర్మానంలో ఉంది. నేను రెండుసార్లు పడ్డాను.

ప్రాధాన్య ఓటు (అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చే ఓటు) బుర్రకెక్కాలంటే 1969 ఎన్నిక చదవండి. వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, ఇద్దరూ తెలుగువాళ్లే. గెలవడానికి 4,18,169 కావాలి. తొలి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548. ఎవరూ దాటలేదు. కింది అభ్యర్థులను తీసేస్తూ, ఆ బ్యాలెట్లలోని తర్వాతి ప్రాధాన్యం చూస్తూ పోతే చివరికి గిరికి 4,20,077. రెడ్డికి కూడా 4,05,427 దాకా వచ్చాయి! ఓడిన ఆ రెడ్డిగారే 1977లో ఏకగ్రీవంగా గెలిచారు.

మెయిన్స్‌కి ‘రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా?’ అన్న వ్యాసం రాసి చూసుకోండి. రాజ్యాంగ సభలో కె.టి. షా నేరుగా ఎన్నిక కావాలన్నారు. అసలు అధికారం మంత్రిమండలిదైనప్పుడు దేశమంతా ఓట్లు వేయించి అధికారం లేని మనిషిని కూర్చోబెట్టడం ఏం సబబన్నది నెహ్రూ వాదన. నాదీ నెహ్రూ పక్షమే. కోట్ల ఓట్లతో గెలిచినాయన ప్రధాని చెప్పినచోట సంతకం పెడతాడా చెప్పండి. షా వాదన మాత్రం వదిలేయకండి, అదొక పేరా లేకపోతే వ్యాసం ఏకపక్షంగా ఉంటుంది.

ఇంటర్వ్యూలో ఒక సార్ ‘ఇంకా 1971 జనాభాయేనా?’ అన్నారు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని రాజ్యాంగ 42వ సవరణతో ఆ లెక్క దగ్గరే ఆపారని, 84వ సవరణ దాన్ని 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించిందని చెప్పాను. ‘మరి కొత్త లెక్కతో మన 159 పెరుగుతుందా, తగ్గుతుందా?’ ‘అంకె పెరుగుతుంది సార్, మొత్తంలో మన వాటా తగ్గుతుంది’ అన్నాను. ఆయన కళ్లజోడు తీసి పక్కాయన వైపు చూశారు.