ముందు బెంచీ చూసుకుంటాను

ఆదివారం తెల్లారకముందే మనవడూ మనవరాలూ నా మంచం పక్కన నిలబడ్డారంటే విషయం ఒకటే. శివార్లలో చెట్లున్న కాలనీల వైపు తీసుకెళ్లాలి. మాటిచ్చింది నేనే, నెల కిందట, ఏదో ధ్యాసలో ఉండి. వాడికి తొమ్మిదేళ్లు, దానికి అయిదు. నాకు అరవై ఎనిమిది. నా కుడి మోకాలికి మాత్రం ఇంకో పదేళ్లు ఎక్కువే ఉంటాయి.

ఈసారి ప్లానంతా వాడే వేశాడు. కాగితం మీద నాలుగు రాసుకున్నాడు: టాయ్ ట్రైన్, చెట్ల మధ్య తాళ్ల వంతెన, చెరువు చుట్టూ నడక, గులాబీ తోట. పన్నెండింటికల్లా అన్నీ అయిపోవాలట. ముప్పై మూడేళ్లు రోడ్ల సర్వేలో పనిచేసినవాణ్ణి, ఇలాంటి షెడ్యూళ్లు ఎన్ని చూడలేదు! నవ్వొచ్చింది గానీ ఏమీ అనలేదు.

బస్సు దిగి పార్కుకు నడుస్తూ దారి తప్పాం. ఆ కాలనీలో ఒక్క రోడ్డూ తిన్నగా ఉండదు. ఎటు తిరిగినా రెండు పక్కలా చెట్లే, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. "తాతా, ఈ ఇల్లు ఇందాకే చూశాం కదా" అంది చిన్నది. చూశాం, నిజమే.

అందులో మా తప్పేమీ లేదని మనవిచేస్తున్నాను. 1860ల చివర్లో షికాగో బయట రివర్‌సైడ్ అనే శివారుకు ప్లాను గీసిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ రోడ్లను కావాలనే వంపులు తిప్పారు. తిన్నటి వీధి మనిషిని అటూ ఇటూ చూడనివ్వకుండా ముందుకు తరుముతుందని, వంపు తిరిగిన దారి తీరిగ్గా నడవమంటుందని ఓమ్‌స్టెడ్ అభిప్రాయం. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాల శివార్లకు పాకింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వంపు రోడ్డంటే నాకు ఒళ్లుమంట. తిన్నటి రోడ్డుకు రెండు మేకులు పాతితే చాలు, వంపుకైతే లెక్క మీద లెక్క, అడుగడుగునా ఓ మేకు. చెరో చేతికీ ఓ పిల్లని పట్టుకుని నడుస్తుంటే మాత్రం వేరేగా అనిపించింది. ముందు వంపు కనిపిస్తుంటే కారు నడిపేవాడు కాస్త కాలు వెనక్కి తీస్తాడు.

పార్కుకు చేరేసరికి టాయ్ ట్రైన్‌కు "మరమ్మతులో ఉంది" అని బోర్డు. వాడి మొహం చూడాలి. తాళ్ల వంతెన దగ్గర చాంతాడంత క్యూ. మిగిలినవి చెరువూ, గులాబీలూ. చెరువు వైపు బయల్దేరాం గానీ అక్కడిదాకా పోనేలేదు.

దారిలో ఓ పెద్ద మాను పడిపోయి ఉంది. గాలివానకు కూలినట్టుంది, పుణ్యాత్ములెవరో తీయించకుండా వదిలేశారు. చిన్నది నా చెయ్యి విడిపించుకుని ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. కాసేపటికి గొంతుక్కూర్చుని, ఊడిన బెరడు కింద పుల్లతో గెలికింది. రోకలిబండ పురుగొకటి బయటపడి, పుల్ల తగలగానే చుట్టచుట్టుకుంది.

"చచ్చిపోయిందా తాతా?"

"లేదు. నువ్వు కదలకుండా ఉంటే అదే కదులుతుంది."

ఇంట్లో అన్నం ముందు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్ల, గడ్డం మోకాళ్ల మీద ఆనించి ఊపిరి బిగబట్టింది. మొదట చుట్ట కాస్త వదులైంది. తర్వాత మీసాలు బయటికొచ్చాయి. ఆ తర్వాత ఒక్కో కాలూ నేల తడుముకుంటూ, ఒడ్డుకొచ్చే అలలా వరసగా కదిలాయి. అది బెరడు కిందికి దూరిపోయాక గానీ పిల్ల నా వైపు చూడలేదు.

కోపెన్‌హాగెన్ శివారు ఎమ్‌డ్రప్‌లో 1943లో, డెన్మార్క్ జర్మన్ల చేతిలో ఉండగా, పిల్లల కోసం ఓ తుక్కు మైదానం తెరిచారు. ఊయలలు, జారుడుబల్లల బదులు చెక్కలూ ఇటుకలూ ఇచ్చి కట్టుకోండి, కూల్చుకోండి అన్నారు. ఆ ఆలోచన సి.టి. సోరెన్‌సెన్ అనే తోటల రూపశిల్పిది. ముచ్చటగా కట్టిన ఆటస్థలాలను వదిలేసి పిల్లలు కట్టుబడి జరిగే చోట ఆడుకోవడం ఆయన కంటపడింది. 1946లో అది చూసిన మార్జరీ అలెన్ అనే బ్రిటిష్ తోటల రూపశిల్పి ఆ ఆలోచనను బ్రిటన్‌కు తీసుకెళ్లి ప్రచారం చేసింది. అందుకే ఏ పార్కుకెళ్లినా నేను చూసేది ఒక్కటే: పిల్లలు చేత్తో కదపగలిగింది ఏదైనా ఉందా? పుల్లలు, రాళ్లు, ఎండుటాకులు, బురద. అన్నీ సిమెంటేసి బిగించిన చోట మా వాళ్లకు పావుగంటకే ఆవలింతలు.

అబద్ధమెందుకు, దానికంటే ముందు చూసేది బెంచీ. ఇద్దరూ కనిపించాలి, టాయిలెట్ మరీ దూరం ఉండకూడదు. నీడ ఇప్పుడెక్కడుందని కాదు, ఇంకో రెండు గంటలకు ఎక్కడుంటుందని చూడాలి. పొద్దున చెట్టుకు పడమటున్న నీడ మధ్యాహ్నం దాటాక తూర్పుకు వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ఈ ముక్క మరిచి, సామాను మోసుకుంటూ చెట్టు చుట్టూ తిరుగుతుంటారు.

మనవడు ఇంకా ట్రైన్ బాధలోనే ఉన్నాడు. పిలిచి పని చెప్పాను. చెయ్యి ముందుకు చాపితే కంటి నుంచి పిడికిలి దాకా ఎంతో, సరిగ్గా అంత పుల్ల తీసుకోవాలి. దాన్ని అంతా పిడికిలి పైకే ఉండేలా నిటారుగా పట్టుకోవాలి. పుల్ల అడుగు చెట్టు మొదట్లో, పుల్ల కొస చెట్టు కొసలో కలిసేదాకా వెనక్కి నడవాలి. నేల చదునుగా ఉంటే, నువ్వు ఆగిన చోటు నుంచి చెట్టు మొదలుకు ఎంత దూరమో చెట్టు అంత ఎత్తు.

ఒంటి కన్ను మూసుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చి నా మోకాలికే గుద్దుకున్నాడు, కుడిదానికే. సరిపోయింది అన్నాడు. అక్కణ్ణుంచి చెట్టుకు 31 అంగలు. వాడి అంగ 60 సెంటీమీటర్లు. 18.6 మీటర్లని వాడే లెక్కగట్టాడు. నేను కొలిస్తే 17 వచ్చింది. నా చెయ్యి వణుకుతుంది కాబట్టి వాడిదే కరెక్టట.

అయిదు చెట్లు కొలిచాడు. ప్లాను రాసిన కాగితం వెనకే వాటి ఎత్తులూ రాసుకున్నాడు. గులాబీ తోట ఎటుందో మాకిప్పటికీ తెలీదు.

తిరిగొస్తూ పొద్దుటి ఇంటి ముందే మళ్లీ తేలాం. ఈసారి దారి తప్పి కాదు. ఆ ఇంటి ముందు చెట్టు కొలవడం మిగిలిపోయిందట. బస్సు వచ్చి వెళ్లిపోయింది. నేను గట్టు మీద కూర్చున్నాను, చిన్నది నా ఒళ్లో నిద్రపోయింది. వాడు ఒక కన్ను మూసుకుని రోడ్డు మీదికి వెనక్కి నడుస్తుంటే ఆ వంపులోంచి వచ్చిన కారు ఆగి, హారన్ కొట్టకుండా, వాడు కొలిచేదాకా నిలబడింది.