బుట్టలో ఏమీ పడని రోజులు: నా అనుభవం

ఎంఎస్సీ అగ్రికల్చర్‌లో కీటకశాస్త్రం తీసుకున్నప్పుడు, ఏదో ఒక మందు కొట్టి, ఎన్ని పురుగులు చచ్చాయో లెక్కపెట్టి థీసిస్ రాసేయొచ్చు అనుకున్నాను. మా సార్ ఇచ్చింది పురుగును చంపని టాపిక్. పత్తిలో గులాబీ రంగు పురుగు ఆడది మగదాన్ని పిలవడానికి వదిలే వాసనను చేనంతా నింపితే మగదానికి దారి తెలియదు, జత కలవదు, గుడ్లు పడవు. వరంగల్ దగ్గర రైతుల చేలల్లో ఇది ఎంతవరకు నిజమో చూడాలి.

వాసన కొత్తదేం కాదు. గాసిప్లూర్ అని 1973లోనే గుర్తించారు. రెండు రసాయనాలు సగం సగం కలిసిన మిశ్రమం. అమెరికాలో 1978లోనే వాడకానికి రిజిస్టర్ అయింది. మన దగ్గర దీని మాట గట్టిగా వినిపించింది మాత్రం బీటీ పత్తి (పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన పత్తి) చేతులెత్తేశాకే. 2006లో వచ్చిన రెండు జన్యువుల బీటీని కూడా ఈ పురుగు తట్టుకోవడం మొదలుపెట్టింది. గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల పురుగు త్వరగానే మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. ఆ తర్వాత పైన ఎంత మందు కొట్టినా కాయ తడుస్తుంది, పురుగు తడవదు.

మొగ్గ దశలోనే ఎకరాకు నూటికి పైగా, ఆ వాసనను మెల్లగా వదిలే తాళ్లు కట్టాం. వాటి మధ్య లింగాకర్షక బుట్టలు పెట్టాం; బుట్టలో వాసన వదిలే ఎరను లూర్ అంటారు. రెండింట్లోనూ ఉండేది అదే వాసన. బుట్టలో అయితే వాసన ఒక్కచోటి నుంచే వస్తుంది కాబట్టి మగది దాన్ని పట్టుకుని వచ్చి పడుతుంది. తాళ్ల చేనులో నాలుగు దిక్కులా అదే వాసన కాబట్టి బుట్ట ఎక్కడుందో దానికి దొరకదు. (బుట్టలో పడేవన్నీ మగవే అయినా మనం వాటిని తల్లి పురుగులు అనే అంటాం. రాత్రికి బుట్టకు 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టమని చెప్పే లెక్కలోనూ అదే మాట. ఎవరు పెట్టారో గానీ!)

ఇదంతా ఆ చేను పెద్దాయనకు చెప్పానో లేదో గుర్తులేదు. మూడో వారం ఫోన్ చేశాడు. "ఏం బిడ్డా, నీ తాళ్లు కట్టినంక బుట్టల ఒక్కటి గూడ పడ్తలేదు. నీ లూరు ఖరాబైందేమో సూడు." నాకు ఆనందం. ఆయనకేమో నేను మోసపోయానన్న జాలి.

ఆనందం వారం కూడా నిలవలేదు. తాళ్లు కట్టని చేనులోనూ బుట్టలు ఖాళీగా కనిపించాయి. తేడా చూపించడానికి పెట్టుకున్న చేను అది! ఇక టెన్షన్ మొదలైంది. రెండు చేలకూ మధ్య ఒక్క గట్టే ఉందని, గాలి ఇటు నుంచి అటే వీస్తోందని సార్ వచ్చి చూసేదాకా నాకు తట్టలేదు. బుట్టల లూర్లు, తాళ్లు ఒకే సంచిలో వేసుకుని, ఒకే చేత్తో రెండూ పట్టుకుంటున్నానని కూడా అప్పుడే బయటపడింది. రెండు వారాల లెక్కలు కొట్టేసి, చాలా దూరంలో ఇంకో చేను వెతుక్కున్నాను. గ్లౌజులు కొన్నాను, సంచులు వేరు చేశాను.

ఖాళీ బుట్ట ఒక్కటే రుజువు కాదని సార్ మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. మగది బుట్టను కనుక్కోలేకపోయినా, పక్క కొమ్మ మీదున్న ఆడదాన్ని తగులుకోవచ్చు కదా. అందుకే ల్యాబ్‌లో పెంచిన ఆడవాటికి రెక్క కత్తిరించి, చిన్న కప్పుల్లో పెట్టి, పొద్దుగూకాక చేనులో ఉంచేదాన్ని. ఇవి జత కలిసేది ఎక్కువగా అర్ధరాత్రి దాటాక. తెల్లారకముందే వెళ్లి తెచ్చుకోకపోతే చీమలు మిగల్చవు. ఒక రాత్రి మూడు కప్పుల్లో రెక్కలే మిగిలాయి.

తెచ్చినవాటిని మైక్రోస్కోప్ కింద నీటి బొట్టులో పెట్టి, పొట్ట చివర సూదితో చీల్చాలి. జత కలిసినదైతే లోపలి సంచిలో మగది వదిలిన వీర్యపు తిత్తి తెల్లగా కనిపిస్తుంది. నూక గింజలో పావు వంతు కూడా ఉండదు. మొదట్లో కొవ్వును చూసి అదేననుకుని రాసేశాను. చేయి కుదిరేసరికి నలభై దాకా పాడుచేశాను. తాళ్ల చేను నడిమధ్య పెట్టినవాటిలో వరుసగా తిత్తి లేని పొట్టలు కనిపించిన ఉదయం, ఆకలి కూడా గుర్తురాలేదు.

తర్వాత కాయలు కోసి చూశాం. చేను మధ్యలో పుచ్చు తక్కువే. గట్ల వెంబడి నాలుగైదు సాళ్లలో మాత్రం పక్క చేనులాగే ఉంది. పక్క చేనులో జత కలిసిన ఆడది గట్టు దాటొచ్చి గుడ్లు పెట్టి పోతుంది; దానికి వాసనతో ఇక పనిలేదు. ఒక్క రైతు ఎకరంలో కడితే సరిపోదని, ఊళ్లో చేలన్నీ కలిసి కట్టాలని ఎక్కడ చదివినా ఉంటుంది. నేను మాత్రం కోసిన కాయల్లో చూశాకే నమ్మాను.

వైవా అయ్యాక థీసిస్ కాపీ పట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఫలితాలు చెబితే శ్రద్ధగా విన్నాడు. "అయితే పక్కోడు గూడ కట్టాలె. ఆడు పైసల్ లేవంటడు. ఆని తాళ్లకు ఎవలు ఇయ్యాలె?" అన్నాడు.

చివరి పేజీ తీసి, 'రైతులు సామూహికంగా చేపట్టాలి' అని నేను రాసిన వాక్యం చదివాను.

"గంతేనా?" అన్నాడు.