వరి మడిని ఆరనిస్తే మీథేన్ ఎందుకు తగ్గుతుంది

మడిలో నీళ్లు నిలబెట్టామంటే నేలకు గాలి దారి మూసేసినట్టే. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. దమ్ములో కలియదున్నిన కొయ్యలూ పచ్చిరొట్టా కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ కొద్ది రోజుల్లో తినేస్తాయి. తర్వాత నేలలోని సూక్ష్మజీవులు నైట్రేటు, మాంగనీసు, ఇనుము, సల్ఫేటు వాడుకుంటాయి. అవీ తరిగాక మీథేన్ పుట్టించే జీవుల వంతు. ఆ మీథేన్‌లో కొంతే బుడగలుగా పైకొస్తుంది. ఎక్కువ భాగం వేళ్లకు ఆక్సిజన్ అందించే వరి కాడలోని గాలి దారుల గుండానే బయటపడుతుంది. మడిని ఆరనిస్తే నేలలోకి మళ్లీ గాలి చేరి, మీథేన్ పుట్టించే జీవుల పని ఆగుతుంది.

మీథేన్ గాలిలో చేరితే నష్టమేమిటంటే, భూమి ఎండకు వేడెక్కి, ఆ వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. నైట్రోజన్, ఆక్సిజన్ వాటిని దాదాపు అడ్డుకోవు. కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర, మీథేన్ 7.7 మైక్రాన్ల దగ్గర ఆ కిరణాలను పీల్చుకుని, అన్ని వైపులకూ మళ్లీ వదులుతాయి. ఈ వాయువులు పెరిగేకొద్దీ, వేడి అంతరిక్షంలోకి తప్పించుకునే పొర ఇంకా పైకి జరుగుతుంది. పై పొర చల్లగా ఉంటుంది, తక్కువ వేడి వదులుతుంది. వచ్చే వేడికీ పోయే వేడికీ లెక్క సరిపడేదాకా కింద నేల కాగుతూనే ఉంటుంది.

టన్నుకు టన్ను చూస్తే మీథేన్ ప్రభావం 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 80 రెట్లు. కానీ గాలిలో దాని ఆయుష్షు 12 ఏళ్లే. అందుకే ఇక్కడ చేసిన పనికి ఫలితం మన కళ్ల ముందే కనిపిస్తుంది.

మడిని మధ్యమధ్యలో ఆరనిచ్చి మళ్లీ నీళ్లు పెట్టేదే తడి-పొడి పద్ధతి. నేలలో నీరు ఎంత దిగిందో చూడటానికి దీనికి కావలసింది 30 సెంటీమీటర్ల పొడవు పీవీసీ గొట్టం, వెడల్పు 10 నుంచి 15 సెంటీమీటర్లు. కింది 20 సెంటీమీటర్ల మేర 5 మిల్లీమీటర్ల రంధ్రాలు రెండేసి సెంటీమీటర్ల ఎడంతో వేసి, అంతవరకూ నేలలో దించాలి. లోపలి మట్టి తీసేయాలి. మడిలో నీళ్లున్నప్పుడు గొట్టం లోపలా బయటా మట్టం ఒకటిగా లేదంటే రంధ్రాలు పూడుకున్నట్టే. గట్టుకు దగ్గరగా, చూడటానికి వీలుగా పెట్టండి, కానీ మడిలో మెరకా పల్లమూ కాని చోట.

నాటిన రెండు వారాలకు మొదలుపెట్టాలి, కలుపు ఎక్కువుంటే ఇంకో వారం ఆగాలి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు దిగాక, మడిలో 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం ఆరనివ్వకూడదు. అప్పుడు బెట్ట తగిలితే తాలు పెరుగుతుంది.

వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్కలో, ఎప్పుడూ నీళ్లున్న మడి మీథేన్ 1 అనుకుంటే పలుమార్లు ఆరిన మడిది 0.55.

యూరియా దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చల్లి మడిని ఆరబెడితే నత్రజని నైట్రేటుగా మారుతుంది. మళ్లీ నీళ్లు పెట్టగానే అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా ఎగిరిపోతుంది. దాని ప్రభావం నూరేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు, పైగా పైరూ పాలిపోతుంది. తడి పెట్టే ముందు చల్లి వెంటనే నీళ్లు కట్టడమే మంచిది. నల్లరేగడిలో లోతు పగుళ్లు పడేదాకా ఆగితే కట్టిన నీళ్లన్నీ పగుళ్లలోకే పోతాయి. చౌడు నేలల్లో ఆరబెడితే ఉప్పు వేళ్ల దగ్గరికి వస్తుంది, అక్కడ ఈ పద్ధతి వద్దు.

బోరు కింద రైతు తన మడిని తానే ఆరనివ్వగలడు. కాలువ కింద మడి నుంచి మడికి నీళ్లు పారే చోట అది ఒక్కడి చేతిలో లేదు. ఒకే తూము కిందివాళ్లంతా వంతులు మాట్లాడుకుంటేనే ఆ గొట్టం పనికొస్తుంది.